టాయ్ హాలర్ ఆర్డర్ ఇచ్చే ముందు జీప్‌ని తూకం వేయించండి

ప్రశ్న: అన్నా, మాది వరంగల్. చాలా ఏళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాం, ఇప్పుడు ఫ్రిస్కోలో. నాకు నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ రూబికాన్ ఉంది. 37 అంగుళాల టైర్లు, స్టీల్ బంపర్లు, వించ్, కింద స్కిడ్ ప్లేట్లు అన్నీ వేయించాను. ఇప్పటిదాకా దాన్నే నడుపుకుంటూ వెళ్ళి, రాళ్ళ మీద తిప్పి, మోటెల్లో పడుకుని వచ్చేవాళ్ళం. పిల్లలిద్దరూ ఎదిగారు, అమ్మ కూడా ఏటా ఆర్నెల్లు మాతోనే ఉంటుంది. అందుకే వెనక జీప్ పెట్టుకునే గ్యారేజీ, ముందు మేం ఉండటానికి గది ఉన్న టాయ్ హాలర్ ఆర్డర్ మీద చేయించుకుందామనుకుంటున్నాం. ఒక బిల్డర్ ట్రక్ వెనక హిచ్ కొక్కేనికి తగిలించి లాగే 28 అడుగుల బంపర్ పుల్‌కి కొటేషన్ ఇచ్చాడు. రెండు 7,000 పౌండ్ల యాక్సిల్స్, జీవీడబ్ల్యూఆర్ 14,000, ఖాళీ బరువు ‘సుమారు 8,600’ అని రాశాడు. సగం డబ్బు ముందే కట్టాలట. లాగడానికి నా దగ్గర ఫోర్డ్ ఎఫ్-250 డీజిల్ ట్రక్ ఉంది. ముందు ముందు ఒక సైడ్ బై సైడ్ (రాళ్ళూ ఇసుకా మీద తిరిగే చిన్న బండి) కూడా కొని అందులోనే పెట్టాలని ఉంది. నెలాఖరులోగా సంతకం పెడితే ధర తగ్గిస్తానంటున్నాడు. పెట్టేయమంటారా?

జవాబు: పెట్టకండి. నెలాఖరు డిస్కౌంట్ కోసమైతే అసలే పెట్టకండి. ఆ బిల్డర్ మోసగాడని నేననడం లేదు. అతను రాసిచ్చిన అంకెలే ఈ ట్రైలర్ మీ జీప్‌కి చాలదని చెబుతున్నాయి. ఆర్డర్ మీద చేయించేటప్పుడు మాటలన్నీ ఎన్ని అడుగులు, ఎన్ని మంచాలు, సోఫా ఏ రంగు అనేవాటి చుట్టూ తిరుగుతాయి. బరువు ప్రస్తావన చివర్లో వస్తుంది, లేదా రానే రాదు. సోఫా రెండేళ్ళ తర్వాతైనా మార్చుకోవచ్చు. ఫ్రేమ్, యాక్సిల్స్ ఉన్న చోటు, ఫ్లోర్ కింద అడ్డంగా వేసే క్రాస్‌మెంబర్లు, వెనక తలుపు వెడల్పు మాత్రం ఒకసారి వెల్డింగ్ అయిపోయాక ఇక మారవు. మీ డబ్బూ శ్రద్ధా ముందు అక్కడ పెట్టాలి.

జీవీడబ్ల్యూఆర్ అంటే ట్రైలరూ, అందులో ఉన్న సమస్తమూ కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు. 14,000లో 8,600 తీసేస్తే 5,400 మిగులుతుంది కాబట్టి జీప్ పట్టేస్తుందిలే అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. నాలుగు తలుపుల రూబికాన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడే దాదాపు 4,450 పౌండ్లు ఉంటుంది. 37 అంగుళాల టైర్లు, ఇనప బంపర్లు, వించ్, స్కిడ్ ప్లేట్లు, వెనక సామాన్లు కలిస్తే 5,500 దగ్గరికి చేరుతుంది. పైగా ‘ఖాళీ బరువు’ అని రాసేది చాలా సార్లు ఎక్స్‌ట్రాలు ఏమీ లేని ట్రైలర్ బరువు. మీరు అడిగిన రెండో ఏసీ, జనరేటర్, బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్ళు, బయటి పందిరి అందులో ఉండవు. ‘సుమారు’ అన్న మాట పక్కనే ఉంది కాబట్టి రేపు అడగడానికీ ఉండదు.

ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. ట్రైలర్ 8,600. ఎక్స్‌ట్రాలకి తక్కువలో తక్కువ 900 వేసుకోండి, 9,500 అయింది. నీళ్ళు గాలన్‌కి 8.34 పౌండ్లు, వంద గాలన్ల ట్యాంకు నింపితే 834. జీప్‌కీ జనరేటర్‌కీ పెట్రోల్ ముప్పై గాలన్లు తీసుకెళ్తే మరో 180, ప్రొపేన్ 60. జీప్ 5,500. ఐదుగురి బట్టలు, వంట సామాను, కుర్చీలు, పనిముట్లు, బియ్యం, పచ్చళ్ళు అన్నీ కలిపి 800. మొత్తం 16,874. అంటే 14,000 పౌండ్ల ట్రైలర్ మీద 2,874 పౌండ్లు అదనం. ఇంకా సైడ్ బై సైడ్ ఎక్కనే లేదు. నాలుగు సీట్లది 2,000 పౌండ్లు సులువుగా దాటుతుంది.

కాబట్టి బిల్డర్‌కి ఫోన్ చేసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. జీప్‌లో పెట్రోల్ నిండా పోసి, మీరు మామూలుగా తీసుకెళ్ళే సామానంతా పెట్టి, హైవే పక్కన ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ అనే తూకం యంత్రం మీదికి తీసుకెళ్ళండి. పెద్ద ఖర్చేం కాదు, పావుగంట పని. ముందు యాక్సిల్ మీద ఎంత, వెనక యాక్సిల్ మీద ఎంత అని విడివిడిగా అచ్చేసిన కాగితం ఇస్తారు. ఆ రెండు అంకెలూ బిల్డర్‌కి కావాలి, ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

ఇక ట్రక్ సంగతి. ఎఫ్-250 డీజిల్ అనగానే ‘ఎంతైనా లాగేస్తుంది’ అంటారు. నిజమే, ఇంజిన్ లాగుతుంది. అడ్డుపడేది లాగడం కాదు, మోయడం. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన కంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లకు మించకూడదు అని. డీజిల్ ఇంజినే బరువు కాబట్టి క్రూ క్యాబ్ ఫోర్ వీల్ డ్రైవ్ ఎఫ్-250లలో ఆ అంకె అనుకున్నదానికన్నా చిన్నగా ఉంటుంది. మీ ట్రక్ మీద 2,350 అని ఉందనుకుందాం. మీరు ఐదుగురూ కలిపి 700. హిచ్, ఐస్ బాక్స్, టూల్ బాక్స్ 150. మిగిలింది 1,500. బంపర్ పుల్ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బంతి మీద పడాలి, దాన్నే టంగ్ వెయిట్ అంటారు. 13 శాతం లెక్కన 1,500 పౌండ్ల టంగ్ వెయిట్ అంటే మొత్తం ట్రైలర్ 11,500 పౌండ్లు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడితే కొంత బరువు మళ్ళీ ట్రైలర్ మీదికి సర్దుకుంటుంది. అయినా దాన్ని మిగులుగానే ఉంచుకోండి, లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, ఎఫ్-250 ఉంచుకుని, ట్రైలర్ అంతా నిండాక 11,500 దాటకుండా చేయించుకోవడం. జీప్ పోగా ట్రైలర్‌కీ, నీళ్ళకీ, సామానుకీ కలిపి 6,000 మిగులుతాయి. స్టీల్ ఫ్రేమ్‌తో 28 అడుగులు కుదరదు. అల్యూమినియం ఫ్రేమ్‌తో 24 అడుగులు, లోపల అలంకారాలు తగ్గించుకుని, నీళ్ళ ట్యాంకు నలభై గాలన్లకి దించుకుంటే కుదరొచ్చు. ఇంత బిగువుగా చేయించాలంటే బిల్డర్ లెక్క తెలిసినవాడై ఉండాలి. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్, నప్పనీ ప్రాంతమంతా ఆర్వీల (ఉండటానికి వీలున్న బండ్లూ ట్రైలర్ల) తయారీకే పేరు. అల్యూమినియం ఫ్రేమ్‌తో కట్టే ఏటీసీ, ఇన్‌టెక్ కంపెనీలు నప్పనీలోనే ఉన్నాయి. మీకు దగ్గర్లో ఓక్లహోమాలోని కోల్‌మన్‌లో సన్‌డౌనర్ ఉంది. వాళ్ళ దగ్గరే కొనమని కాదు. వాళ్ళ డ్రాయింగులూ బరువులూ చూస్తే మీ బిల్డర్ అంకెల్లో ఎంత నిజముందో తెలుస్తుంది.

రెండో దారి, సైడ్ బై సైడ్ కూడా తప్పదనుకుంటే. అప్పుడు బంపర్ పుల్ మాట మర్చిపోండి. మూడు 7,000 పౌండ్ల యాక్సిల్స్‌తో గూస్‌నెక్ గానీ ఫిఫ్త్ వీల్ గానీ చేయించాలి, అంటే ట్రక్ వెనక బంపర్ దగ్గర కాక తొట్టిలో తగిలించే రకం. వాటిలో ట్రక్ మీద పడే బరువు 20 శాతం చుట్టుపక్కల ఉంటుంది. 19,000 పౌండ్ల ట్రైలర్ అయితే 3,800 పౌండ్లు ట్రక్ వెనక యాక్సిల్ మీద కూర్చుంటాయి. మీ ఎఫ్-250 దాన్ని మోయలేదు. వెనక నాలుగు టైర్లుండే ఎఫ్-350 లాంటిది కావాలి. ఇంకో సంగతి: టెక్సస్‌లో ట్రక్ రేటింగూ ట్రైలర్ రేటింగూ కలిపి 26,001 పౌండ్లు చేరి, ట్రైలర్ రేటింగ్ 10,000 దాటితే, సొంత వాడకానికైనా సరే నాన్ కమర్షియల్ క్లాస్ ఏ లైసెన్స్ ఉండాలి. రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష మళ్ళీ రాయాలి. మొదటి దారిలో ట్రక్ 10,000, ట్రైలర్ 14,000 కలిపి 24,000 కాబట్టి ఇప్పుడున్న లైసెన్స్ చాలు. చట్టం చూసేది స్టిక్కర్ మీది రేటింగ్‌ని, ఆ రోజు మీరు ఎంత నింపారని కాదు.

నన్నడిగితే మొదటి దారి. లేని సైడ్ బై సైడ్ కోసం ట్రక్ మార్చి, పెద్ద ట్రైలర్ కొని, కొత్త లైసెన్స్ తీసుకోవడం నాకు సబబుగా తోచడం లేదు. యూటాలోని మోయాబ్‌లో సైడ్ బై సైడ్‌లు రోజు అద్దెకి దొరుకుతాయి. పిల్లలకి ఆ ముచ్చట అలా తీర్చండి.

ఏ దారి పట్టినా, బిల్డర్‌తో మీరు ఎక్కువ సేపు మాట్లాడాల్సింది జీప్ ట్రైలర్‌లో ఎక్కడ నిలబడుతుంది అన్నదాని గురించే. అసలు ప్రమాదం అక్కడుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. టాయ్ హాలర్‌లో గది ముందు, గ్యారేజీ వెనక ఉంటాయి. అంటే అన్నిటికన్నా బరువైన వస్తువు యాక్సిల్స్‌కి వెనక వైపు పడే అవకాశం ఉంది. వెనక బరువు పెరిగితే ముందు హిచ్ మీద బరువు తగ్గుతుంది. అది మొత్తంలో 10 శాతం కన్నా కిందికి దిగితే, 65 మైళ్ళ వేగంలో ఒక పెద్ద లారీ పక్కనుంచి దూసుకెళ్ళినప్పుడో, పక్కనుంచి గాలి కొట్టినప్పుడో ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. ఒకసారి ఊగడం ముదిరితే ట్రక్‌ని కూడా తనతో తిప్పేస్తుంది. హిచ్ బంతి నుంచి యాక్సిల్స్ మధ్య దాకా 18 అడుగులుందనుకోండి. 5,500 పౌండ్ల జీప్‌ని ఒక్క అడుగు వెనక్కి జరిపితే హిచ్ మీద 300 పౌండ్లు తగ్గిపోతాయి. ఒక్క అడుగుకే! ముందుకి జరిపితే అంతే పెరుగుతుంది, అప్పుడు ట్రక్ వెనక భాగం కుంగుతుంది.

అందుకే బిల్డర్‌ని మూడు అంకెలు రాతపూర్వకంగా అడగండి. ట్రైలర్ పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడు టంగ్ వెయిట్ ఎంత. జీప్ ఎక్కించి నీళ్ళు నింపినప్పుడు ఎంత. జీప్ ఉండి, నీళ్ళు అయిపోయి, మురుగు ట్యాంకులు నిండినప్పుడు ఎంత. తిరుగు ప్రయాణంలో ఉండేది మూడో పరిస్థితే, దాన్ని ఎవరూ లెక్కేయరు. క్యాట్ స్కేల్ కాగితంలో మీ జీప్ ముందు, వెనక యాక్సిల్ బరువులు ఉంటాయి కాబట్టి దాని బరువు కేంద్రం ఎక్కడుందో అతను కొలుచుకోగలడు. ఆ లెక్కతో ట్రైలర్ యాక్సిల్స్ ఎక్కడ వెల్డింగ్ చేయాలో తేల్చాలి. ‘మేం ఎప్పుడూ అక్కడే పెడతాం’ అన్నాడంటే అతను మీ జీప్ కోసం ట్రైలర్ కట్టడం లేదు, తన దగ్గరున్న మోడల్‌కి మీ రంగు వేస్తున్నాడు. దానికి ఆర్డర్ ధర ఎందుకివ్వాలి?

జీప్ నిలిచే చోటు ఖాయమయ్యాక జీప్‌ని కట్టేసే ఇనప కొక్కేలు, అంటే డీ-రింగులు, ఆ చోటుకి తగ్గట్టు పెట్టించాలి. కనీసం నాలుగు, ఒక్కోటి 5,000 పౌండ్ల రకం, ఫ్లోర్‌లోకి దిగి ఉండేలా. ముఖ్యంగా అవి ప్లైవుడ్‌కి స్క్రూలతో కాకుండా కింద ఫ్రేమ్‌కి పట్టి ఉండాలి. ఇది కంటికి కనపడదు. ఫ్లోర్ వేయకముందు ఫోటో తీసి పంపమని ఒప్పందంలోనే రాయించండి. ఫ్లోర్ కింద క్రాస్‌మెంబర్లు మామూలుగా 16 అంగుళాలకొకటి వేస్తారు, మీకు 12 అంగుళాలకొకటి కావాలి. జీప్ ఒక్కో టైరు దగ్గర దాదాపు 1,400 పౌండ్లు ఒకే చోట నొక్కుతుంది మరి.

వెనక తలుపే ర్యాంప్‌గా వాలుతుంది. దాని రేటింగ్ ఎంతో అడగండి. మోటార్ సైకిళ్ళ కోసం చేసిన ర్యాంప్ మీ జీప్ కింద వంగిపోతుంది. నాలుగు తలుపుల రాంగ్లర్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 118 అంగుళాలు. ర్యాంప్ పొడవు అంతకన్నా తక్కువే కాబట్టి ఒకసారికి ఒక యాక్సిలే దాని మీద ఉంటుంది. కానీ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కనుక 4,000 పౌండ్ల రేటింగ్‌కి తగ్గకుండా చూసుకోండి. అంత బరువైన తలుపుని మీరొక్కరే ఎత్తగలిగేలా స్ప్రింగులు సరిపోతాయో లేదో కూడా అడగండి. వర్షంలో, బురదలో, చీకట్లో మూయాల్సి వస్తుంది.

వెడల్పు కొలిచేటప్పుడు బాడీ కాదు, టైర్ల బయటి అంచుల మధ్య కొలవండి. రోడ్డు మీద ట్రైలర్ బయటి వెడల్పు 102 అంగుళాలకు మించకూడదు. గోడలు పోగా లోపల 96 చుట్టుపక్కల మిగులుతుంది. అయితే ట్రైలర్ చక్రాల మీద లోపలికి పొడుచుకొచ్చే పెట్టెల మధ్య దూరం 82 అంగుళాల దగ్గరే ఉంటుంది. 37 అంగుళాల టైర్లు బయటికి జరిగిన వీల్స్ మీద ఉంటే మీ జీప్ 80 అంగుళాలు ఉండొచ్చు. పక్కకి ఒక్కో అంగుళమే మిగులు. లోపలికి నడిపాక తలుపు తెరిచి ఎలా దిగుతారు? దీనికి ఎడమ గోడలో డ్రైవర్ తలుపుకి ఎదురుగా ఎస్కేప్ డోర్ అని ఒక పెద్ద తలుపు పెడతారు, దాని కింద ట్రైలర్ ఫెండర్ ఊడదీసేలా చేస్తారు. ఎక్స్‌ట్రాలన్నిటిలో నేను ముందు టిక్కు పెట్టేది దీనికే. దీన్ని వద్దనుకున్నవాళ్ళు జీప్ కిటికీలోంచి పాకి బయటికొస్తుంటారు. తర్వాత పెట్టించాలంటే గోడ కోయాలి.

ఎత్తు విషయంలో లోపలి ఎత్తు కాకుండా వెనక ద్వారం ఎత్తు అడగండి, అది అంగుళాల తేడాతో తక్కువే ఉంటుంది. జీప్ పైన ర్యాక్, లైట్లు ఉంటే వాటితో సహా కొలిచి, ఇంకో ఐదారు అంగుళాలు కలపండి.

టైర్ల మీద ఒక్క మాట. రెండు 7,000 పౌండ్ల యాక్సిల్స్ కింద మామూలుగా ఎస్‌టీ 235/80ఆర్16 సైజులో లోడ్ రేంజ్ ‘ఈ’ (ఎంత బరువు మోస్తుందో చెప్పే అక్షరం) టైర్లు వేస్తారు. ఒక్కోటి 80 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర 3,520 పౌండ్లు మోస్తుంది. నాలుగూ కలిపి 14,080. మీ 14,000కి మిగులు 80 పౌండ్లు. జులైలో టెక్సస్ రోడ్డు ఎలా కాలుతుందో మీకు తెలుసు, గాలి కాస్త తగ్గితే ఆ మిగులు కూడా ఉండదు. అదే సైజులో లోడ్ రేంజ్ ‘జీ’ తీసుకుంటే 110 పీఎస్ఐ దగ్గర ఒక్కోటి 4,400 మోస్తుంది. వీల్స్ కూడా ఆ ఒత్తిడికి తగ్గవై ఉండాలి. ఈ రెండింటికీ తేడా కొన్ని వందల డాలర్లే, బేరం ఆడకుండా ఇచ్చేయండి. టైరు పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. డెలివరీ రోజున అవి చూసి తీసుకోండి.

ఇక పడకలు. గ్యారేజీలో పైకి లేచే ఎలక్ట్రిక్ మంచాలు పెడితే ఐదుగురికీ చోటు దొరుకుతుందని బొమ్మలో చూపిస్తారు. జీప్ బయట ఉన్నప్పుడు సరే. ఫ్రిస్కో నుంచి మోయాబ్ రమారమి 1,000 మైళ్ళు, దారిలో అమరిల్లోలోనో అల్బుకర్కీలోనో ఒక రాత్రి ఆగాల్సిందే. ఆ రాత్రి జీప్ గ్యారేజీలోనే ఉంటుంది, కింద మంచం దిగదు. పార్కింగ్ లాట్‌లో అర్ధరాత్రి జీప్ దించి పెట్టుకుంటారా? కాబట్టి ముందు గదిలోనే ఎంతమంది పడుకోగలరో లెక్కపెట్టండి. అమ్మగారికి నిచ్చెన ఎక్కే పని లేకుండా, బాత్రూమ్‌కి అడ్డం లేకుండా కింది మంచం ఉండాలి. మెట్లు కూడా ఊగని రకం, పట్టుకోవడానికి కడ్డీతో పెట్టించండి.

మంచాల గురించి ఇంకో మాట, ఇది టెన్షన్ పెట్టడానికి కాదు గానీ తప్పక పాటించాలి. ట్యాంకులో పెట్రోల్ ఉన్న బండి పక్కన మనుషులు పడుకోకూడదు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. గ్యారేజీకీ గదికీ మధ్య గోడ, దానికి గాలి చొరబడకుండా మూసుకునే తలుపు, గ్యారేజీలో నేలకి దగ్గరగా గాలి పోయే రంధ్రాలు ఉండాలి. ప్రొపేన్, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు గదిలో పనిచేస్తుండాలి. మధ్య గోడ తీసేస్తే లోపల విశాలంగా కనపడుతుందని బిల్డర్ అంటే ఒప్పుకోకండి.

వంట గురించి చిన్న సంగతి: స్టవ్ మీది ఫ్యాన్ పొగని బయటికి పంపేదై ఉండాలి, చాలావాటిలో ఫిల్టర్ లోంచి తిప్పి మళ్ళీ లోపలికే వదిలేస్తారు. మన తాలింపుకి అది ఆగదు, అలారం మోగుతూనే ఉంటుంది. బయట ఒక చిన్న పొయ్యి బల్ల ఉంటే ఇంకా మేలు. ఏసీలు రెండైతే 50 ఆంప్ కనెక్షన్ అడగండి. మిగతా అలంకారాలన్నీ మీ ఇష్టం.

కాగితాల దగ్గరికొద్దాం. తయారీదారు ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ దగ్గర నమోదై ఉండాలి. ట్రైలర్ మీద జీవీడబ్ల్యూఆర్, ఒక్కో యాక్సిల్ రేటింగ్, టైరు సైజు, గాలి ఒత్తిడి ఉన్న లేబుల్, 17 అక్షరాల విన్ (బండి గుర్తింపు) నంబర్ ఉండాలి. టైటిల్ మీ పేరుకి మారాలంటే ఎంఎస్ఓ అనే తయారీదారు పత్రం కావాలి, చివరి చెక్కు ఇచ్చేటప్పుడు అది చేతికి రావాలి. తలుపు పక్కన ఆర్వీఐఏ (ఆర్వీ పరిశ్రమ సంఘం) ముద్ర ఉంటే కరెంటు, గ్యాస్, మంటల భద్రత నియమాల ప్రకారం కట్టామని తయారీదారు హామీ ఇచ్చినట్టు. లోన్, ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్ళు, కొన్ని క్యాంప్‌గ్రౌండ్లు దాన్ని చూస్తారు. చిన్న షాపులకి అది ఉండకపోవచ్చు, ముందే అడగండి. టెక్సస్ లెమన్ లా (లోపాలున్న కొత్త బండి కొన్నవాళ్ళని కాపాడే చట్టం) ట్రక్ వెనక తగిలించి లాగే ఆర్వీలకి కూడా వర్తిస్తుంది కానీ టెక్సస్ లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారా కొత్తది కొంటేనే. వేరే రాష్ట్రం నుంచి నేరుగా తెచ్చుకుంటే ధర తగ్గినా ఆ రక్షణ పోతుంది. పడక, వంట, టాయిలెట్ ఉన్న ట్రైలర్ లోన్ వడ్డీకి రెండో ఇల్లుగా ట్యాక్స్ మినహాయింపు దొరకొచ్చని మనవాళ్ళు చెప్పుకుంటారు. నిజమే గానీ ట్యాక్స్‌లో ఖర్చులు విడివిడిగా చూపించి ఐటమైజ్ చేసేవాళ్ళకే. దాని కోసం కొనకండి.

సగం డబ్బు ముందే ఇవ్వడం నాకు అస్సలు నచ్చలేదు. షాపు మూతపడితే మీరు అప్పులోళ్ళ వరుసలో వెనకెక్కడో నిలబడాలి. 10, 15 శాతం అడ్వాన్స్, అది కూడా క్రెడిట్ కార్డు మీద. ఫ్రేమ్, యాక్సిల్స్ పూర్తై, విన్ నంబర్ పడి, ఫోటోలు వచ్చాక ఒక విడత. గోడలు మూసే ముందు, వైరింగ్ కనపడుతున్నప్పుడు ఇంకో విడత, వీలైతే స్వయంగా వెళ్ళి చూసి. మిగిలిన పెద్ద మొత్తం డెలివరీ రోజున. ఒప్పందంలో ‘సుమారు’ అన్న మాట తీసేయించి, ఎక్స్‌ట్రాలన్నిటితో ఖాళీ బరువు ఇంతకు మించదు, మించితే ఇంత తగ్గింపు లేదా అడ్వాన్స్ వాపసు అని రాయించండి. డెలివరీ తేదీ కూడా అలాగే. ఈ మాటలకి అతను చిరాకు పడితే ఇంకో బిల్డర్‌ని వెతుక్కోవచ్చు, ఇప్పటికైతే మీ డబ్బు మీ దగ్గరే ఉంది.

సంతకానికి ముందే ఇంకోటి తేల్చుకోండి. ఫ్రిస్కో చుట్టుపక్కల హెచ్ఓఏలు (ఇళ్ళ యజమానుల సంఘాలు) చాలావరకు ఇంటి ముందు ట్రైలర్ నిలపనివ్వవు. స్టోరేజీలో పైకప్పు ఉన్న చోటు దొరుకుతుందో, దాని ఎత్తు మీ ట్రైలర్‌కి చాలుతుందో కనుక్కోండి. ఉత్తర టెక్సస్ వడగళ్ళకి అల్యూమినియం పైకప్పు ఎన్నాళ్ళో నిలవదు.

డెలివరీకి జీప్ తీసుకుని వెళ్ళండి. వాళ్ళ యార్డ్‌లోనే ఎక్కించి, కట్టి, ఎస్కేప్ డోర్ లోంచి దిగి చూడండి. నీళ్ళు నింపి కుళాయిలన్నీ తిప్పండి, కింద కారుతుందేమో టార్చి వేసి చూడండి. ఆర్వీలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లు ఉంటారు, ఒకరిని పెట్టుకుంటే ఆ ఫీజు దండగ కాదు. తర్వాత దగ్గర్లోని క్యాట్ స్కేల్ దాకా వెళ్ళి, జీప్‌తో ఒకసారి, జీప్ లేకుండా ఒకసారి తూకం వేయించి, అంకెలు ఒప్పందంతో సరిపోయాకే చివరి చెక్కు ఇవ్వండి.

బయల్దేరాక 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించాలి, కొత్త వీల్స్ మీద అవి వదులవుతాయి. ఆగినప్పుడల్లా హబ్‌ల వేడి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి, నాలుగింటిలో ఒకటే బాగా వేడెక్కిందంటే బేరింగో బ్రేకో పట్టేస్తున్నట్టు. మొదటి ప్రయాణానికి మోయాబ్ వద్దు. గిల్మర్ దగ్గరి బార్న్‌వెల్ మౌంటెన్‌కో, ఓక్లహోమాలో వేనోకా దగ్గరి లిటిల్ సహారా ఇసుక దిబ్బలకో వెళ్ళండి. ఏదైనా తేడా వస్తే ఒక్కరోజులో ఇంటికి తిరిగి రాగలిగే దూరమే.